బొటనవేలి జవాబు

మార్చి 4. కొళాయి నీళ్ళు వచ్చిన రోజు. పక్కింట్లో బాడుగకున్న మనిషి కొళాయికి మోటారు బిగించాడు. మా ఇంటికి రెండు బిందెల నీళ్ళు కూడా రాలేదు.

మార్చి 8. అదే మోటారు. మాకు ఒక్క బిందె. పట్టిన నీళ్ళతో అతడు వీధిలో తొమ్మిది మోటారు సైకిళ్ళు కడిగాడు. బాడుగకు తీసుకున్నది కాపురానికి. నడుపుతున్నది బండ్లు కడిగే వ్యాపారం.

మార్చి 12. వీధి చివరి బోరు నుంచి బిందె మోసుకొస్తూ నా భార్య బండ్లు కడిగిన బురదలో జారిపడింది. మోకాలికి కట్టు.

మార్చి 13. ఆ పక్కింటి యజమానికి నా మొదటి ఉత్తరం.

మార్చి 16. అతడు ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి బాడుగ మనిషికే పంపాడు. ఆ మనిషి దాన్ని బండ్లవాళ్ళకు చదివి వినిపించాడు.

ఏప్రిల్ 2. నాలుగో ఉత్తరానికి జవాబుగా ఈ ఉదయం నా ఫోనులోకి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. మాటలు లేవు.

రిజిస్ట్రేషన్ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో నేను చదువురానివాళ్ళ వేలిముద్రలు లెక్కలేనన్ని తీసుకున్నాను. ప్రతి ముద్ర పక్కనా అది ఎవరి వేలో, ఏ చేతిదో రాసేవాణ్ణి. వేలు ఒత్తినవాడు ఆ కాగితానికి కట్టుబడేవాడు. డిగ్రీ చదివిన ఈ యజమాని పంపిన పసుపుపచ్చ వేలు దేనికి కట్టుబడిందో కళ్ళజోడు మార్చి చూసినా తెలియలేదు. బొమ్మను చూస్తూ ఉంటే అతని తండ్రి గుర్తుకొచ్చాడు. ఆయనను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆ ఇల్లు అప్పుడు ఆయనది. ఆయన మరో వీధిలో ఉంటూ దాన్ని బాడుగకిచ్చేవాడు. ఇచ్చే ముందు వచ్చేవాళ్ళను వెంటబెట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి, "ఈయప్ప నీ పక్కన ఉండబోతాడు, ఒకరి ముఖం ఒకరు చూసుకోండి" అనేవాడు. మేము మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళం. ఆ తరువాతే తాళంచెవి చేతులు మారేది.

అలా వచ్చినవాళ్ళలో యాడికి అనే ఊరి నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆయన పరుపులు కుట్టేవాడు. ఎండకు ఆరేసిన దూది మా పెరట్లోకి ఎగిరి వచ్చి తులసి మొక్కకు తెల్లగా పట్టుకునేది. దాన్ని నేను సహించాను. సహించలేనిది నీళ్ళ సంగతి. రెండిళ్ళ నడుమ ఒక ఉమ్మడి బావి ఉండేది. వానలు లేని ఏడాది కావడంతో ఉదయం వంతు మాదనీ సాయంత్రం వంతు వాళ్ళదనీ అన్న నిర్ణయించాడు. ఒక ఉదయం మా వంతులో వాళ్ళ రాగిబిందె బావిగట్టు మీద తడిగా కనిపించింది. మరునాడూ కనిపించింది. ఏడు ఉదయాలు తేదీతో సహా నా దినచర్య పుస్తకంలో ఎక్కించి, శుభ్రమైన ప్రతి తయారుచేసి అన్నకు ఇచ్చాను. వాళ్ళను ఖాళీ చేయించమని చివర్లో రాశాను కూడా.

అన్న కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. పరుపులాయనతో ఒక్క మాట అనలేదు. మరునాడు తెల్లవారగానే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. రెండో రోజు పరుపులాయన అరుగు మీద కూర్చుని అక్కడ టీ తాగాడు. మూడో రోజు మళ్ళీ మా అరుగు. ఆ ఉదయం మా అమ్మ పక్కింటి నుంచి రాగిబిందె తెచ్చి, తానే నీళ్ళు చేది, తానే మోసుకెళ్ళి వాళ్ళ గడపలో దించి వచ్చింది. పరుపులాయన భార్య పది రోజుల బాలింత.

అన్న నావైపు తిరిగి, "నీ తేదీలు సరిగానే ఉండాయి తమ్ముడా. మీ అమ్మను అడిగినావా?" అన్నాడు.

అడగలేదు. ఎందుకు చెప్పలేదని అమ్మను నిలదీస్తే, "బాలింతకు నీళ్ళిస్తే నీ పుస్తకంలో యాడ రాస్తావో తెలీక చెప్పలేదు నాయనా" అంది.

నా కాగితాన్ని అన్న నాకే తిరిగి ఇచ్చాడు. అది పుట్టిన సంగతి కూడా పరుపులాయనకు తెలియదు. తరువాత మా ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళికీ పరుపులు కుట్టింది ఆయనే. ఆ కాగితం బయటపడి ఉంటే నేను ఆ ముఖం ఎలా చూసేవాణ్ణో ఇప్పటికీ ఊహించలేను.

అందువల్ల ఈసారి మొదటి ఉత్తరానికి ముందే నా భార్యను అడిగాను, నాకు తెలియకుండా వాళ్ళకేమైనా మాట ఇచ్చిందేమోనని. మోకాలు పట్టుకుని కూర్చున్న మనిషి, "నన్ను అడిగినోళ్ళు ఎవరుండారు, ఇచ్చేకి?" అంది. ఉత్తరం సంగతి బయటపడ్డాక బాడుగ మనిషి దగ్గరికీ వెళ్ళాను. అతడు పైపు కట్టేయకుండానే, "ఓనరుతో మాట్లాడుకోపో తాతా" అన్నాడు. బండి కడిగించుకుంటున్న ఒకడు, "నా బండి కూడా రాసుకో తాతా, నంబరు చెప్తా" అన్నాడు. అందరూ నవ్వారు. ఓనరుకు ఫోను చేశాను.

"నేనీడ పామిడిలో ఉండాను చిన్నాయనా. ఆడ ఎవరేం చేస్తాండారో నాకేం తెలుస్తాది? మీరూ మీరూ మాట్లాడుకోండి."

"ఒకసారి వచ్చి చూడు నాయనా."

"చూసేదేముండాది? నువ్వు రాసినావు కదా."

నేను రాసింది చాలునని అతని తండ్రి ఏనాడూ అనుకోలేదు. ఆ రోజు నాకు కలిగిన అవమానం ఎంత పెద్ద మర్యాదో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలు మిగిలాయి. వాటిని పక్కింటి మోటారుతో నింపాలని నాకు లేదు.

కనుక ఆ ఇంటి యజమానిని ఇందుమూలంగా కోరునది ఏమనగా: ఎవరినీ ఖాళీ చేయించమని నేను అడగడం లేదు. కొళాయి వచ్చే ఒక రోజున, నీళ్ళు వదిలే ఆ గంటసేపు, మీరు స్వయంగా వచ్చి మా అరుగు మీద సగం సేపు, మీ ఇంటి అరుగు మీద సగం సేపు కూర్చోవలెను. చూసినదానిని రాయవలెను. తప్పు నాదైతే నాదని రాయండి. తేదీ వేసి నా పుస్తకంలో అతికించుకుంటాను. మీ తండ్రిగారు ఇదే పనికి మూడు ఉదయాలు ఇచ్చారు. నేను అడుగుతున్నది ఒక్క గంట. ఈ నెలాఖరులోగా, అక్షరాలతో, సంతకంతో సమాధానం ఇవ్వవలెను. బొమ్మ సమాధానంగా స్వీకరించబడదు.