చించేసే కార్డుకు మా నాయన స్టాంపు

తమిళనాడు ధర్మపురిలో మాది ఇనుప సామాన్ల అంగడి. మా నాయనకు మేకులు అమ్మడం కన్నా తపాలా స్టాంపులు కొనడం ఇష్టం. కొత్త బొమ్మ వచ్చిందని తెలిస్తే చాలు, గల్లాపెట్టె నాకు వదిలేసి పోస్టాఫీసుకు పోయేవాడు. అన్నిటికీ అదే ఐదు రూపాయలైతే ఇన్ని బొమ్మలెందుకని ఒకసారి చిరాకెత్తి అడిగాను.

"ఒకే బొమ్మ ఉంటే అవసరం ఉండేవాడే కొంటాడు. పిట్టనో రైలునో వేస్తే నా మాదిరి పిచ్చోడు కొని దాచిపెట్టుకుంటాడు. పోస్టాఫీసుకు దుడ్డు ముందే వచ్చేసె, ఉత్తరం మోసే పని లేదు. ఇట్లాంటి యాపారం మనకు తెలీదే!" అన్నాడు. మళ్లీ తనే, "ఊరికే లాభానికే కాదురా. ఫలానా పెద్దమనిషి ఉన్నాడు, పోయినాడు అని బొమ్మేస్తే ఊరూరికీ తెలుస్తాది," అన్నాడు.

ఆయన వాటిలో ఒక్కటీ అంటించలేదు.

మొన్న వేసవిలో ఆయన పోయాడు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కాఫీలు అందించాను, పందిరివాడితో బేరమాడాను. అందరూ నన్ను గుండె గట్టివాడన్నారు. గట్టితనమేమీ కాదు, లోపల ఏదీ కదల్లేదంతే.

కరుమాదికి, అంటే చివరి దినం కర్మకు, పిలుస్తూ కార్డులు అచ్చయి వచ్చాయి. చావు కార్డును మావాళ్లు ఇంట్లో ఉంచుకోరు. చదవగానే గడప బయటే చించేస్తారు. నాయన స్టాంపుల పుస్తకం అమ్మ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవే అంటించు."

"చించేస్తారు కదమ్మా! ఇవీ పోతే ఆయనదని మనకేముంటాది?" అన్నాను. ఆయన వస్తువుల్లో నాకు కావలసింది ఆ పుస్తకం ఒక్కటే.

"దినమూ చూసి మురిసినాడు. ఆయన పోయినాడని గవర్మెంటు బొమ్మేస్తాదా? మనమే ఎయ్యాల."

కార్డుకొక బొమ్మ అంటించాను. ఏనుగు, దీపస్తంభం, పాత రైలింజను. కట్టలు పోస్టు పెట్టెలో వేసి వచ్చి అంగడి తెరిచాను.

కరుమాది నాడు బొమ్మిడి నుంచి మా అత్త, నాయన చెల్లెలు, వచ్చింది. ఆమె కార్డుకు ఉన్నవాటిలో అందమైన నెమలిని ఏరి అంటించి పంపాను. "అత్తా, కార్డు మీద బొమ్మ చూసినావా?" అని అడిగాను.

"ఏం బొమ్మరా? అచ్చులో మా అన్న పేరు చూసినాను. గుంతలో పెట్టి మట్టి చేసినప్పుడు పక్కనే ఉన్నా నమ్మలేదు, అప్పుడు నమ్మినాను. చించేదానికి చేయి రాలేదు. పక్కింటామెతో చింపించినాను."

అన్ని కార్డులు నా చేతుల మీదుగానే పోయాయి. ఒక్కదాని మీదా ఆ పేరు చదవలేదు నేను. అత్త చేయి పట్టుకుని, పిలిచినవాళ్లందరి ముందూ, అప్పుడు ఏడ్చాను.