లుంగీకి జేబు

మా బావ మీద నాకిప్పటికీ కోపమే. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, నేను తిడతాను. మా ఆవిడకి అన్న, స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్. ఆదివారమొస్తే పెందుర్తిలో వాళ్ళింటి వెనక రేకుల గదిలో ఇద్దరం చేరి మెరుపులు పుట్టించేవాళ్ళం. అదీ మా సరదా.

మొదట్లో మాకున్నది నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్. వన్‌టౌన్‌లో దుకాణాలన్నీ ఎల్‌ఈడీకి మారిపోయాక, ఆ బోర్డులు చేసే భాయ్ ఒకాయన పాతది ఇచ్చాడు. "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాకే స్విచ్చెయ్యాల," అన్నాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది మరి. స్విచ్చి వేసేముందు, చెయ్యి జేబులో పెట్టావా అన్నట్టు, బావ "జేబీ?" అని అడిగేవాడు, నేను "జేబీ" అనేవాణ్ణి. రెండు తీగల మధ్య నీలం మెరుపు జరజరా పైకి పాకుతుంటే చిన్నపిల్లల్లా కేకలేసేవాళ్ళం.

బావకి అది చాల్లేదు. "ఏటి బావా, ఈ ఊదొత్తంత మెరుపుకేటి సంబడం? మనిసెత్తు లేవాల!" అంటూ పాత మైక్రోవేవ్ ఓవెన్లోంచి పీకిన ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. నియాన్‌ది తగిలితే ఒళ్ళు ఝల్లుమనేది. దీని కరెంటు ఎక్కువ, ప్రాణం తీస్తుంది. ఆ సంగతి నాకన్నా బావకే బాగా తెలుసు. వచ్చే ఆదివారం నేనొచ్చాకే వేస్తానని మాటిచ్చాడు. ఆగితే కదా!

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా గుయ్‌మంటోంది. మెయిన్ ఆపి లోపలికి పరిగెత్తాను. బావ ప్రాణం అప్పటికే పోయింది. కుడి చేత్తో తీగ సర్దబోయాడు. భోంచేసి లుంగీ కట్టుకున్నాడు మహానుభావుడు, లుంగీకి జేబుండదు. ఎడమ చెయ్యి అలవాటుగా జేబు వెతుక్కుని, దొరక్క, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మీద ఆనినట్టుంది.

అప్పట్నించీ ఆ మోత నన్ను వదల్లేదు. ఇంట్లో ఫ్రిజ్ గుయ్‌మన్నా నా ఎడమ చెయ్యి జేబు తడుముకుంటుంది. మోతలోంచి బావ "జేబీ?" అంటాడు. భయమేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని పాత సామాన్లకి వేసేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "మా అన్న సెయ్యి ఆకర్న దానిమీదే ఉంది," అని ఏడ్చింది. మా పెరటి గదిలో గోనె కప్పి ఉంచాం. నాకేమో ఒక్కసారి, ఒక్కసారే, మనిషెత్తు మెరుపు లేపి బావకి చూపించాలని. ఎవరికీ చెప్పలేదు. కొత్త తీగలు మాత్రం కొన్నాను. అవి ఆవిడ కంటబడ్డాయి.

మొన్న ఆదివారం కట్టుకుందామని లుంగీ తీస్తే, ఎడమవైపు ఖాకీ జేబు కుట్టి ఉంది.

"ఇదేటి?" అన్నాను.

"మా అన్న డూటీ పేంటుది. మీరెలాగూ ఆగరు. సెయ్యి అందలెట్టుకోండి," అంది.

పెరటి గదిలోకి వెళ్ళి గోనె తీశాను. తీగలు బిగించాను. జేబులో చెయ్యి పెడితే అడుగున ఇంకా ఇనుప పొడి గరగరలాడింది. "జేబీ," అన్నాను పైకే. అడిగినవాళ్ళెవరూ లేరు. కుడి చెయ్యి స్విచ్చి వైపు లేవబోతే, వెనకనుంచి మా ఆవిడ వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.