తడి అరచేతులు

కల్వకుర్తిలో మా అక్క ఇంట్లో ఆ కెమెరా బిగించింది నేనే. ఉయ్యాల, తలుపు, పాలసీసా మూడూ కనబడేలా కోణం సరిచూసి మరీ పెట్టాను. అక్కా బావా ఉద్యోగాలకు వెళ్తే, ఆర్నెల్ల పాపను చూసుకోవడానికి అక్క అత్తగారు ఉప్పునుంతల నుంచి వచ్చి ఉంటోంది.

"అత్తమ్మా, చేతులు కడుక్కున్నవా?" అని ఆఫీసులో ఉన్న అక్క గొంతు కెమెరాలోంచి పలికేది. దాంతో అత్తమ్మకు ఒక అలవాటైంది. పాపను ఎత్తుకునే ముందు తడి అరచేతులు రెండూ కెమెరాకు చూపిస్తుంది.

మొన్న నేను వెళ్లినప్పుడు కరెంటు పోయింది. పాప ఏడ్చింది. ఆమె గబగబా చేతులు కడుక్కుని, ఆరిపోయిన కెమెరాకు చూపించింది.

"కరెంటు లేదత్తమ్మా, అది చూస్తలేదు."

"ఏమో కొడుకా, నాకేం తెల్వదు. చూపిస్తే మీ అక్క నిమ్మలంగ పని చేసుకుంటది."

నాకు ఒళ్లు మండింది, ముందు నా మీదే. ముగ్గురు పిల్లల్ని పెంచిన చేతులవి. ఆ ముగ్గురిలో ఒకరినే మా అక్క ఏరికోరి పెళ్లి చేసుకుంది. స్టూలెక్కి కెమెరా ఊడదీశాను. అంతలో అక్క ఫోన్ చేసింది.

"కెమెరా వస్తలేదేందిరా?"

"పాడైందని చెప్పు కొడుకా, కొట్లాడకు" అంది ఆమె మెల్లగా.

"పాడు కాలేదక్కా, నేనే పీకేసిన" అన్నాను, ఆమెకు కూడా వినబడేలా.