మస్తాన్ కొట్టులో మూటలు

ఇన్నేళ్లు మోశాను. ఇక నావల్ల కాక మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే నోరు పెగులుతోంది.

మొన్న మాచర్ల స్టేషన్ బజారు కుర్రాళ్లు ఇంటికొచ్చి, ఈ బజారు ఎలా పుట్టిందో చెప్పమన్నారు. పాతవాళ్లలో మిగిలింది నేనేనట. చెప్పాను. రైలు వచ్చి ఆగిపోయే ఊరు మాది, దిగిన ప్రతివాడూ మా ముందునుంచే నడవాలి, అందుకే ఇక్కడ కొట్లు లేచాయన్నాను. మిరపకాయల బస్తాలు, నాపరాళ్ల బండ్లు, యుద్ధం రోజుల్లో కిరసనాయిలు కోసం కొట్టుకున్న జనం, అన్నీ చెప్పాను. స్టేషన్ గేటుకు ఎదురుగా మొదటి కొట్టు నాదేనన్నాను. వాళ్లు తలలూపారు.

అది నాది కాదు. మస్తాన్‌ది.

మస్తాన్ లాంతర్లు, గొడుగులు బాగుచేసేవాడు. దాంతో ఏం వస్తుంది, గంజినీళ్లు. కానీ అతని కొట్టు ఎప్పుడూ మూటలతో నిండి ఉండేది. పల్లెలనుంచి వచ్చినవాళ్లు మూట అక్కడ పడేసి, గురజాల కోర్టుకో ఆసుపత్రికో పోయి, తిరిగొచ్చి తీసుకునేవాళ్లు. చీటీ లేదు, కూలి లేదు. మనిషిని చూసి మూట ఇచ్చేవాడు. ఎవరి ముడీ విప్పడు, ఎవరినీ విప్పనివ్వడు.

నా కిరాణా కొట్టు బజారు లోపలెక్కడో. దిగినవాళ్లు నా దాకా వచ్చేసరికి కొనాల్సింది కొనేసేవాళ్లు. స్టేషన్ ఎదుటి ఆ మొదటి గది నాకు అద్దెకిమ్మని కొట్ల యజమానిని అడిగాను. మస్తాన్ ఉన్నంతకాలం కుదరదన్నాడు. ఆ మాట నా కడుపులో ఉండిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు కృష్ణ అవతల నైజాం ఊళ్లలో గొడవలు ముదిరాయి. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఏరు దాటి వచ్చేవాళ్లు. వాళ్లూ తమ మూటలు మస్తాన్ దగ్గరే పెట్టారు. ఒక పొద్దున కాఫీ హోటల్లో నలుగురూ ఉండగా, ఏమీ ఎరగనట్టు అడిగాను. ఆ మూటల్లో ఏముందో ఎవరన్నా చూశారా అని.

అంతే. అబద్ధం ఆడలేదు కదా, అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కొట్టు సాయిబుది, అవతల రాజ్యం నవాబుది, మిగతాది వినేవాళ్లే కలుపుకుంటారని నాకు తెలియదా? తెలుసు. తెలిసే అడిగాను.

మధ్యాహ్నానికి మూటల్లో కత్తులున్నాయన్నారు. సాయంత్రానికి అవి తుపాకులయ్యాయి. నిప్పు లేనిదే పొగ రాదని నా ఎదుటే ఒకాయన అన్నాడు, నేను ఊఁ కొట్టాను. పోలీసులొచ్చి మూటలన్నీ నడిబజారులో విప్పారు. పాత చీరలు, ఇత్తడి చెంబులు, పసిబిడ్డ చొక్కాలు, కాసిని పసుపు కొమ్ములు. ఇంకేమీ లేవు. అయినా మస్తాన్ తలెత్తలేదు. తనను నమ్మి పెట్టిన సొత్తు పదిమంది కళ్లలో పడింది కదా. మర్నాటినుంచి అతని దగ్గర మూట పెట్టినవాడు లేడు.

కొన్నాళ్లకు కొట్టు ఖాళీ చేశాడు. గుంటూరు బండెక్కే ముందు నా దగ్గరకొచ్చాడు. చేతిలో ఒక మూట.

"అన్నా, ఇది ఏటి అవతలనుంచి వచ్చిన ముసలామెది. కొడుకును ఎతుక్కుంటా పోయింది. వస్తే ఇయ్యి."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాను. "ఆ మాట మొదట ఎవురన్నారో తెలిసిందా మస్తానూ?"

"తెలుసుకోని ఏం జేసుకోనన్నా," అన్నాడు. "ముడి మళ్లీ నేనే కట్టా. నువ్వు విప్పమాక."

తెలిసే అలా అన్నాడా? తెలియక నన్ను నమ్మాడా? ఈ రెంటిలో ఏది నిజమైతే నాకు తేలికో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తెలిసి ఉంటే నాలుగు తిట్టి పోవచ్చు కదా, ఆ తిట్లతో సరిపోయేది కదా అనుకుంటాను. అదీ నా స్వార్థమే.

నెల తిరక్కుండా ఆ గదిలోకి మారాను. బేరం పుంజుకుంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఆ గదిలోంచే నడిచాయి.

ముసలామె వచ్చింది. మస్తాన్ లేడా అంది. లేడని చెప్పి మూట ఇచ్చాను. నేను విప్పలేదు. నమ్మండి, విప్పలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, అక్కడే మెట్టుమీద కూర్చుని ముడి విప్పింది. ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మళ్లీ కట్టుకుంటూ, "ఏమనుకోకు బిడ్డా. ఆయన ఇస్తే సూసుకునేదాన్ని గాదు," అంది.

కొడుకు దొరికాడో లేదో నేను అడగలేదు.

మస్తాన్ ఎక్కడున్నాడో తెలియదు. తెలుసుకోవాలని నేను ప్రయత్నించిందీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు మస్తాన్ కారు. ఇంత చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అది చాలు. రేపు కుర్రాళ్లు మళ్లీ వస్తే ధైర్యం ఉంటుందో ఉండదో. మీకు మాత్రం చెబుతున్నాను. స్టేషన్ ఎదుట మొదటి కొట్టు మస్తాన్‌ది. కాఫీ హోటల్లో ఆ మాట అడిగింది నేను.