అయిదు స్టార్లూ, ఒక చెరువు చేపా

ఒక హోటల్ గురించి నేను ఫోన్లో రాసిన నాలుగు ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. తీసెయ్యమని హోటల్ యజమాని అడిగారు, మా చర్చి అయ్యగారు అడిగారు. తియ్యనన్నందుకు పదకొండేళ్ళుగా నేను స్త్రీలకు చెబుతున్న శనివారం వాక్య తరగతి పోయింది. అయినా తియ్యలేదు.

ఆ యజమాని మా సంఘ పెద్దల్లో ఒకరు. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్ళే దారిలో పోయినేడు హోటల్ తెరిచారు. తెరిచిన వారమే ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో, మన సహోదరుని హోటల్‌కి అందరూ ఫోన్లో అయిదేసి స్టార్లు వెయ్యండి అని చెప్పారు. బెంచీల మీద కూర్చునే వేసేశాం. నలుగురి ముందు మాట్లాడమంటే మాకు సాక్ష్యం చెప్పడమే అలవాటు. అందుకని 'దేవునికి మహిమ' అని ఒకరు, 'ప్రభువు ఈ వ్యాపారాన్ని దీవించును గాక' అని ఒకరు, ఉత్త 'ఆమెన్' అని నలుగురైదుగురు రాశారు. అక్కడ తినడానికి ఏం దొరుకుతుందో ఒక్కరూ రాయలేదు. నేను 'స్తోత్రం, మంచి హోటల్' అని రాశాను. అప్పటికి ఆ హోటల్ మెట్లు కూడా ఎక్కలేదు.

నెల తిరక్కుండా మా బడిలో లెక్కలు చెప్పే టీచరు ఒక సోమవారం స్టాఫ్‌రూమ్‌లో నన్ను పట్టుకుంది.

"మీ పేరు చూసే నిన్న మా అక్కా బావల్ని తీసుకెళ్ళానండి. గంటన్నర కూర్చోబెట్టారు. బోర్డు మీదేమో గోదావరి చేప అని ఇంతింత అక్షరాలు. మా బావకి భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి. ఒక్క ముద్ద తిని, 'ఇది మా చెరువులోదే, నన్ను గుర్తుపట్టింది' అన్నాడు."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"మీరు తిన్నప్పుడు బావుందాండీ?"



పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని ఎన్ని శనివారాలు బోధించానో. లేని చెడు చెప్పడమే అబద్ధ సాక్ష్యమని అన్నాళ్ళూ అనుకున్నాను. లేని మంచి చెప్పినా అదే పాపం. నన్ను నమ్మి వెళ్ళిన ఆ లెక్కల టీచరు నాకు పొరుగువాడు కాదా? సంఘంలో లేదు కాబట్టి లెక్కలోకి రాదా?

ఆ రోజే నా అయిదు స్టార్లూ తీసేశాను. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిని చెయ్యకూడదని ధర్మశాస్త్రంలో ఉంది. ఇద్దరో ముగ్గురో కావాలి. నేను ముగ్గుర్ని ఎక్కణ్ణుంచి తేను? నేనే మూడుసార్లు వెళ్ళి తిన్నాను.

మొదటిసారి ఆదివారం, ఆరాధన కాగానే. గంట దాటింది, ఆకు రాలేదు. కోపం వచ్చింది. చుట్టూ చూస్తే సగం బల్లల మీద మా పాటల పుస్తకాలే. ఊరంతా మేమే వచ్చి మీద పడితే వంటవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? రెండోసారి మంగళవారం. పది నిమిషాల్లో వడ్డించారు, అడక్కుండానే మారు పెట్టారు. మూడోసారి శుక్రవారం. యజమాని స్వయంగా పులుసు వేస్తుంటే అడిగాను.

"ఇది గోదావరి చేపేనాండీ?"

"రోజూ ఏటి చేప ఎక్కడ దొరుకుద్దండీ టీచరుగారూ? చెరువుదే. తినండి, బావుంటుంది."

నిజంగానే బావుంది. ఇంటికొచ్చి ఇలా రాశాను:

'మూడుసార్లు తిన్నాను. చేపల పులుసు చాలా బావుంది, పులుపు సరిగ్గా పడింది. అన్నం వేడిగా పెడతారు. మామూలు రోజుల్లో పది నిమిషాల్లో వడ్డిస్తారు. ఆదివారం మధ్యాహ్నం గంట పైన పడుతుంది. మా చర్చివాళ్ళం అందరం అప్పుడే వస్తాం, ఆ తప్పులో మాకూ భాగముంది. బోర్డు మీద గోదావరి చేప అని ఉంది, నేను అడిగిన రోజు పెట్టింది చెరువు చేప. ఇంతకుముందు తినకుండానే అయిదు స్టార్లు వేశాను, అది నా తప్పు. ఇప్పుడు మూడు.'

మర్నాడు యజమాని మా ఇంటికొచ్చారు.

"బయటివాళ్ళు రాశారంటే సరే. మీరు మనవాళ్ళు కదండీ."

"మనవాళ్ళు కాబట్టే మూడుసార్లు తిన్నానండి. బయటివాళ్ళయితే ఒక్కసారికే రాసేద్దురు."

"పులుసు బావుందన్నారుగా. అక్కడితో ఆపొచ్చు కదా?"

"బోర్డు మార్చండి, ఆ ముక్క నేనే తీసేస్తాను."

మార్చలేదు. అయ్యగారి దగ్గరికి వెళ్ళారు. అయ్యగారు నన్ను పిలిపించారు.

"సహోదరుడిలో తప్పు కనబడితే ముందు ఒంటరిగా చెప్పాలమ్మా. వీధిలో పెట్టకూడదు."

"ఒంటరిగానే అడిగానండి అయ్యగారూ. చెరువుదేనని ఆయనే చెప్పారు. వీధిలో ఉన్నది ఆయన బోర్డండి."

 ఆయన, నేను రాసింది తీసేదాకా శనివారం తరగతి ఇంకొకరు చూస్తారన్నారు. హాజరు పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచదు. ఆ మాట దాచుకోను.

మంగళవారాలు మాత్రం ఆ హోటల్‌కే వెళుతున్నాను. ఆ పులుసు మీద నాకేం కోపం లేదు. పోయినవారం యజమానే గిన్నె పట్టుకుని వచ్చారు. నేనింకా నోరు తెరవలేదు.

"ఇయ్యాళా చెరువు చేపేనండి. ముందే చెప్పేశాను, రాసుకోండి."

తిన్నాను. చెయ్యి కడుక్కొచ్చి, ఆయన చూస్తుండగానే ఫోన్ తీసి, వడ్డించే ముందే ఏ చేపో చెబుతున్నారని ఒక వాక్యం చేర్చాను. స్టార్లు మూడే ఉంచాను. బోర్డు ఇంకా అలాగే ఉంది.