తుడవని ఏడు స్తంభాలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఒళ్లు తెలియకుండా తాగిన రోజుల్లో కూడా అది బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. ఒక మనిషి చావుకు నేను కారణం. అంతకంటే నీచమైనది ఇంకొకటి ఉంది. ఆ చావును ఆ మనిషి నెత్తినే రుద్దాను.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే దారిలో, రోడ్డుకు బాగా లోపలగా, ఒక కంకర మిల్లు ఉండేది. పేరు చెప్పను. ఇప్పుడు మూతపడింది. అక్కడ నేను ఎలక్ట్రీషియన్ని. మిల్లు కోసం విడిగా వేసుకున్న పదకొండు వేల వోల్టుల లైను నా బాధ్యత. గుట్ట పక్కగా తొమ్మిది ఇనుప స్తంభాలు. ప్రతి స్తంభం మీదా తీగకూ ఇనుముకూ మధ్య పింగాణీ ఇన్సులేటర్లు. కరెంటు స్తంభంలోకి దిగకుండా ఆపేవి అవే.

మిల్లు దుమ్ము వాటి మీద పిండిలా పేరుకునేది. పొడిగా ఉన్నంతకాలం ఆ దుమ్ము ఏమీ చేయదు. పెద్ద వాన పడితే కడుక్కుపోతుంది. భయమంతా మంచుతోనూ తుంపరతోనూ. అప్పుడు దుమ్ము కొట్టుకుపోదు, తడుస్తుంది. తడిసిన దుమ్ము మీదుగా కరెంటు పాకుతుంది. మొదట చిటచిటలాడుతుంది, తర్వాత నిప్పు లేస్తుంది, పింగాణీ పగులుతుంది. ఇదంతా నాకు తెలియదని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది! తెలుసు. నెలకోసారి లైను ఆపి, పైకెక్కి, తడిగుడ్డతో తుడిచి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టడమే నా పని.

ఆ నెల రెండు స్తంభాలే తుడిచాను. చలికాలమే అయినా మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆత్మకూరులో మా బామ్మర్ది కూల్‌డ్రింకుల అంగడి తెరుస్తున్నాడు, లైట్లు బిగించడానికి రమ్మన్నాడు. మిగతా ఏడూ రేపు చూద్దాంలే అనుకున్నాను. రిజిస్టర్లో మాత్రం తొమ్మిదీ తుడిచినట్టు రాశాను. రేపు వచ్చింది, పోయింది. నన్నెవరూ తొందరపెట్టలేదు. లైను ఆపొద్దని యజమాని అనలేదు. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఈ తప్పులో సగమైనా ఇంకొకరి మీదికి పోదు.

చెన్నయ్య గొర్రెలు మేపుకునేవాడు. అనంతసాగరం వైపు పల్లె. రోజూ మా లైను కిందుగా మందను తోలుకుపోతూ, నేను పనిచేసే స్విచ్చుల షెడ్డు దగ్గర ఆగి నీళ్లు తాగేవాడు. మంచు బాగా కురిసిన ఒక పొద్దున అతనే చెప్పాడు.

“అబ్బయా, ఆ ఐదో స్తంభం పెనం మీద నీళ్లు చిలకరిచ్చినట్టు చిటచిటమంటా ఉండాది.”

“మంచుకి అట్టనే ఉంటాదిలే” అన్నాను.

అతను తలూపి వెళ్లిపోయాడు. కరెంటు పని తెలిసినవాణ్ని నేనే కదా.

మూడు రోజుల తర్వాత తెల్లవారి ముసురు పట్టింది. ఏడు దాటి ఉంటుంది, గుట్ట వైపు ఢామ్మని చప్పుడు. షెడ్డులో లైట్లు ఒక్కసారి కుంగి మళ్లీ వెలిగాయి. ఇలాంటప్పుడు లైనును దానంతటదే ఆపేసే బ్రేకర్ పడాలి. పడలేదు. అక్కడంతా రాతినేల, కరెంటు భూమిలోకి సరిగా దిగదు. స్విచ్ తీసేసి పరుగెత్తాను. ఏ స్తంభం దగ్గరికి పోవాలో నేను ఎవరినీ అడగలేదు.

ఐదో స్తంభం మీద పింగాణీ పగిలి, తీగ ఇనుప అడ్డబద్ద మీద పడి ఉంది. కింద ఒక గొర్రె స్తంభానికి ఆనుకుని చచ్చి ఉంది. చెన్నయ్య చెయ్యి దాని వెనక కాలు పట్టుకునే ఉంది. అది గిలగిలలాడుతుంటే లాగబోయాడు. అంతే జరిగింది. చెయ్యి విడదీసి, వెల్లకిలా తిప్పి ఛాతీ నొక్కాను. పిలిచాను. ఊపిరి లేదు.

అతని దోటి, కొమ్మలు దించుకునే పొడవాటి వెదురుగడ, దూరంగా ఒక పొదకు ఆనించి ఉంది. నేను పోయి దాన్ని తెచ్చాను. తీగ కింద, అతని పక్కన పడేశాను. ఆ క్షణంలో నా మనసులో ఏముంది? భయమా? భయమనే చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ గడ మొన ఎటు తిరిగి ఉండాలో చూసుకుని మరీ పెట్టిన సంగతి గుర్తుంది. భయంతో వణికేవాడు అంత చూసుకుంటాడా?

యజమాని వచ్చి నోరు తెరవకముందే, “దోటి తీగకు తగిలిచ్చుకున్నాడు సార్, ఆ దెబ్బకే పింగాణీ పగిలినాది” అన్నాను. పోలీసులకూ అదే చెప్పాను. ఆ మధ్యాహ్నం మరమ్మతు పేరు చెప్పి మిగతా ఆరు స్తంభాలూ ఎక్కి తుడిచాను. గుడ్డ పిండితే బకెట్లో నీళ్లు సున్నంలా తెల్లబడ్డాయి.

మూడో రోజున అతని భార్య రమణమ్మ మిల్లుకు వచ్చింది. ఏడవడం లేదు. నన్ను వెతుక్కుంటూ షెడ్డులోకి వచ్చి నిలబడింది.

“అన్నా, ఆ దోటికి కొడవలి లేదు. వారం కిందటే ఊడిపోయినాది. కొమ్మ కోసేదానికి ఎట్ట ఎత్తుతాడు?”

నేను స్విచ్ బోర్డు వైపు తిరిగాను.

“నువ్వు చూసినావా?”

“చూసినాను.”

“నీ కళ్లతో?”

“నా కళ్లతోనే చూసినానమ్మా. కొమ్మ వంచాలని ఎత్తినాడు.”

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. “నువ్వు చూసినావంటే ఇంకేముండాది” అంది చివరికి. “తీగల కింద పోబాకయ్యా అని చెప్తానే ఉంటి. ఇనినాడా?”

ఆ కోపం నా మీద కాదు, చచ్చిపోయినవాడి మీద. ఆమె నన్ను తిట్టి ఉంటే, కేసు పెట్టి ఉంటే, ఏనాడో ఒకనాడు నేను లొంగిపోయి ఉండేవాణ్నేమో. ఆమె నన్ను నమ్మింది. తప్పు అతనిదేనని తేలాక మిల్లు చేతులు దులుపుకుంది. ఆమె మందను అమ్మేసి సంగం వైపు నాట్లకు కూలికి పోతోందని విన్నాను. వినీ ఊరుకున్నాను.

పోయిన నెల ఆత్మకూరులో షేర్ ఆటో ఎక్కితే ఎదురుగా ఆమె. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. పక్కనున్న ఆడమనిషి తన తమ్ముడు మేకలు కొన్నాడని చెబుతుంటే, రమణమ్మ అంది: “తీగల కింద దోటి ఎత్తొద్దని గట్టిగా చెప్పు. మా ఆయన అట్టనే పోయినాడు. నేనూ నా బిడ్డా ఏమైపోతామని ఒక్క గడియ తలుచుకోలేదు ఆ మనిషి.”

నా ఊరు రాకముందే దిగిపోయాను. ఆమె మొగుడు ఆమెను తలుచుకోలేదని ఇన్నేళ్లుగా నమ్ముతోంది. ఆ నమ్మకం నేనిచ్చింది.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అన్నం ముందు కూర్చుంటాను, లేస్తాను. రెండుసార్లు వాళ్ల పల్లెకు బయల్దేరి, మలుపు దాకా పోయి తిరిగొచ్చాను. పోలీసుల భయం కాదు. ఆమె మళ్లీ నా మొహంలోకి చూస్తుంది, దానికే భయం. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. మూడోసారి ఆ మలుపు దాటతానో లేదో మీకు మాటివ్వలేను. నా మాట ఎంతటిదో మీకిప్పుడు తెలుసు.

ఆ ఏడు స్తంభాలూ నేను తుడవలేదు. చెన్నయ్య దోటి ఎత్తలేదు. గొర్రెను కాపాడబోయి చచ్చిపోయాడు.

ఈ మూడు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. రాసి పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. మూడోదాని దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటినుంచి చదివాను. ఈసారి చివరిదాకా వచ్చాను.