ఎండ తగలని ప్యానెళ్లు

సౌరవిద్యుత్ శాఖలో ఆయన పెద్ద అధికారి. సూర్యుడి గురించి మాట్లాడమంటే ఊగిపోతారు గానీ, తన గది కిటికీలకు పరదా మాత్రం తియ్యనివ్వరు. వస్తువంటే ఆయనకు ప్రాణం. టీవీ రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు, సోఫాకు దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో పాత దుప్పటి. కొన్ననాటి కవరు ఇంకా చింపని కుర్చీలో కూర్చుని, కదిలినప్పుడల్లా కరకరలాడుతూ, "ఈ దేశం డీజిలు తాగడం ఎప్పుడు మానుతుందో!" అని నిట్టూరుస్తుంటారు.

ఈమధ్య శాఖవాళ్లే ఆయన డాబా మీద సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద బ్యాటరీలు పెట్టించారు. వారం తిరక్కుండానే ఓ మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. పెరట్లో జనరేటరు దడదడలాడుతూ, ఆరేసిన బట్టల మీదికి నల్లటి పొగ కక్కింది. ఒళ్లు మండిన భార్య విసవిసా డాబా ఎక్కింది. ప్యానెళ్ల మీద మందపాటి టార్పాలిన్ కప్పి ఉంది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా ఇటుకలు కూడాను.

"ఏమండీ, వీటికి ఈ ముసుగేంటి?" అంటూ ఆవిడ ఓ ఇటుక తియ్యబోయింది.

ఆయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. "ముట్టుకోకు! మొన్నమొన్ననే గదా పెట్టింది. ఇంత ఎండలో వదిలేస్తే రంగు వెలిసిపోదూ?"

"మరి కరెంటో?"

"జనరేటరు ఉందిగా. అదెలాగూ పాతదే!"